ఫిర్యాదు లేని భూతద్దం

అమలాపురం, మంగళవారం

కంప్యూటర్ తెరపై విండోలను పేర్చి చూపే మా కంపోజిటర్ ప్రోగ్రాం నుంచి, అక్షరాలను పెద్దవి చేసి చూపే భూతద్దం సౌకర్యాన్ని ఈరోజు తొలగించారు. ఏడాదిగా దానిపై ఒక్క ఫిర్యాదూ రాలేదు కనుక వాడేవారే లేరని, ఆ ప్రోగ్రాంను నాతో కలిసి చూసుకునే తోటి నిర్వాహకుల వాదన. చూపు మందగించిన సువార్తమ్మ టీచరుగారి కోసం రాశాను దాన్ని. ట్యూషన్ పిల్లల వ్యాసాలు ఆమె దిద్దేది దానితోనే అని నా నమ్మకం.

సాయంత్రం ఆమె ఇంటికి వెళ్లి విషయం చెప్పాను.

"పోన్లెండి బాబూ. అది పెడితే తెర ఒకటే వణుకండీ. అక్షరం నిలిచేది కాదు."

"ఎప్పటినుంచండీ?"

"క్రిస్మస్ ముందు నుంచీనండీ."

"బాగుందా అని నెలనెలా అడిగాను కదండీ!"

"ఆయ్, బాగుందనే చెప్పేను. ఊరికే చేసిపెట్టేరు. మళ్లీ వంకలు పెడితే ఏం బాగుంటాదండీ?"

ఆ వణుకును సరిచేయడానికి నాకు ఒక పూట చాలు. ఆ ఒక్క ఫిర్యాదు ఉన్నా తొలగింపును ఆపగలిగేవాణ్ణి. ఆమె మర్యాదను తప్పుపట్టలేను. గుమ్మంలో నిలబడి అడిగి, ఆ జవాబుతో తృప్తిపడి వెనుదిరిగినవాణ్ణి నేను. ఒక్కసారైనా లోపలికి వెళ్లి ఆమె తెర చూడలేదు.

ఇంటికి వచ్చి ఆమె తరఫున ఫిర్యాదు నమోదు చేశాను. పది నిమిషాల్లో తోటి నిర్వాహకులు దాన్ని మూసివేశారు. లేని సౌకర్యంలో లోపం ఉండదట.