మిషనుకు కట్టిన పూలు

స్రవంతీ,

వరండాలో చెప్పుల్లేకుండా తిరగొద్దు. ఇనుప రజను ఊడ్చాను గానీ మూలల్లో ఇంకా ఉంటుంది. కొత్త కటింగ్ మిషను ప్లగ్గు పీకి పెట్టాను. పాప బడి నుంచి రాగానే దాని జోలికి పోనివ్వకు. చట్నీ ఫ్రిజ్‌లో ఉంది.

పొద్దున నువ్వు ఆస్పత్రి డ్యూటీకి వెళ్లగానే, లాడ్జి మెట్ల రెయిలింగు పైపులు కోద్దామని స్విచ్చి వేశాను. గుర్రుమంది, కాలిన వాసన వచ్చింది. మోటారు పోయిందనుకున్నాను. చవకది కొనిపించావని నిన్ను నోటికొచ్చినట్టు తిట్టాను. వినడానికి ఎవరూ లేరులే. మళ్లీ ఏకాంబరం షాపుకు పోయి మిషను అరువు అడగాలి, "ఈ పొద్దు కూడానా అప్పా?" అనిపించుకోవాలి. ఏడుపొక్కటే తక్కువ.

బ్లేడు విప్పి చూస్తే లోపల నీ మల్లెపూల దారం! నిన్న "పూజ సెయ్యకుండా కొత్త మిషన్ను ఇనుము మీద పెడతావా?" అని హ్యాండిలుకు మూర పూలు చుట్టావే, అవి తియ్యడం నేనే మరిచాను. దారం లాగేసి మళ్లీ వేశాను. ఇరవై పైపులూ టిఫిను వేళకల్లా తెగాయి. చేతి రంపంతో అయితే రెండు రోజులు, ఆపైన నీ చేత మణికట్టుకు నూనె రాయించుకోవడం. హమ్మయ్య అనిపించింది. బిగించడానికి లాడ్జికి పోతున్నాను. సాయంత్రానికి వస్తాను.

యోగానంద

మిషను మీద నువ్వు పెట్టిన కుంకుమ బొట్టు అట్లే ఉంచాను. ఇంకో మూర మల్లెపూలు తెచ్చాను, చట్నీ గిన్నె పక్కన ఆకులో ఉన్నాయి. ఇవి మిషనుకు కాదు.