ఏకగ్రీవంగా

ఆదివారం రాత్రి, సెంగ్‌కాంగ్, సింగపూర్

ఇవాళ మా ఆదివారం తెలుగు బడి కమిటీ మీటింగులో అన్నీ మామూలు విషయాలే. గది వేళలు, రెండు క్లాసులు కలిపెయ్యడం. చివర్లో కొత్త మెంబరు రమ్య అడిగింది, "ఇకనుంచి మినిట్స్ ఇంగ్లీషులో రాసుకుందామా? తెలుగు చదవాలంటే నాకు చాలా టైమ్ పడుతోంది."

తెలుగు బడి కమిటీలో ఈ మాట! ఒళ్ళు మండింది. అయినా ఇంటికెళ్ళే తొందరలో అందరితోపాటు నేనూ చెయ్యెత్తాను. అప్పలరాజు అంకుల్ కూడా ఎత్తారు.

ఇన్నేళ్ళూ మినిట్స్ రాసింది ఆయనే. సింగపూర్‌లోనే పుట్టి, రిటైరయ్యాక మా బడిలో పిల్లల పక్కన కూర్చుని అక్షరాలు దిద్దిన మనిషి.

"కెన్, కెన్. ఏం పర్లేదు లా," అని సింగపూర్ యాసలో ఒప్పేసుకుని నవ్వి, ఆ తీర్మానాన్నీ తెలుగులోనే రాశారు. పుస్తకం నా వైపు జరిపి, "తప్పులుంటే చూడమ్మా," అన్నారు.

ఆయనెప్పుడూ 'ఏకగీవ్రంగా' అని రాసేవారు. క్రావడి ఒక అక్షరం అవతలికి జారిపోయేది. ప్రతిసారీ నేనే దిద్దేదాన్ని. ఇవాళ పుస్తకంలో ఇలా ఉంది:

"ఇకపై మినిట్స్ ఇంగ్లీషులో రాయాలని ఏకగ్రీవంగా తీర్మానించడమైనది."

ఎర్ర పెన్ను పట్టుకుని రెండుసార్లు చదివాను. దిద్దడానికి ఒక్క తప్పూ లేదు.