పదకొండు పేర్లు

1920 అక్టోబర్ 4
తైవాన్ కొండల్లో, కర్పూరం అడవి దగ్గర, మా జపాన్ పోలీసుల్లో ఒకణ్ణి ఎవరో చంపేశారు. మొండెమే దొరికింది, తల దొరకలేదు. నేను ఈ జిల్లాకు గవర్నరుగా వచ్చి నలభై రోజులు. టోక్యోలో మా వంశం పేరు చూసి ఇచ్చిన పదవి. పాలన అంటే విందులూ సంతకాలూ అనుకున్నాను.

అక్టోబర్ 6, ఉదయం
పోలీసు అధికారి ముగికురా జాబితా తెచ్చాడు. పదకొండు మంది కొండవాళ్ల పేర్లు. అందరికీ ఉరి. విచారణ ఎప్పుడు జరిగిందని అడిగాను. కొండల్లో విచారణేమిటి కౌంట్ గారూ, తమ ఇంట్లో దీన్ని దయ అంటారేమో, ఇక్కడ పిరికితనం అంటారు అని నవ్వాడు. నవ్వుతూనే నా వెనక తలుపు మూశాడు. ఫైలు తర్వాత చూస్తానన్నాను.

అక్టోబర్ 7
దుబాసీ చివస్‌ను పిలిచాను. కొండ మనిషి. మా పోలీసు ఒకణ్ణి పెళ్లాడి విధవ అయింది. జాబితా చదివించాను. ఏడో పేరు దగ్గర ఆగింది. యుకాన్ పోయి మూడేళ్లయింది దొరా, పాడె దగ్గర నేనే ఏడ్చాను, చచ్చినవాణ్ణి మీవాళ్లు మళ్లీ ఎలా చంపుతారు అని అడిగింది. తొమ్మిదో పేరు ఆమె తమ్ముడిదట. అది మాత్రం గొంతు తగ్గించి చెప్పింది.

అక్టోబర్ 8
అన్నం ముట్టలేదు. వంటవాడు ముగికురా మనిషేమో.

అక్టోబర్ 10
టోక్యో నుంచి టెలిగ్రాం. ఆలస్యం ఎందుకని. నేను విప్పకముందే అందులో ఏముందో ముగికురాకు తెలుసు. జాబితాలోవాళ్ల కొండ ఊరికి నేనే వెళ్లి మాట్లాడతానన్నాను. నోరు జారింది, వెనక్కి తీసుకోలేకపోయాను. వెళ్లనీ, ఈయన తల కూడా దొరక్కపోతే టోపీకే దహనం చేద్దాం అన్నాడట ముగికురా, గుమాస్తాలతో.

అక్టోబర్ 12
వెళ్లాను. నేనూ చివసూ, అంతే. తుపాకీ లేదు. ఊరి పెద్ద పీహు ముఖం నిండా పచ్చబొట్లు. కొర్రల సారా ఇచ్చాడు. గిన్నె నా పళ్లకు తగిలి టకటకలాడింది. ఈయన వణుకుతున్నాడు, వణికేవాడు అబద్ధమాడడు, పోలీసులు ఎన్నడూ వణకలేదు అన్నాడట. చివస్ చెప్పింది. జాబితాలో బతికున్న పదిమందినీ విచారణకు కిందికి పంపిస్తానన్నాడు. న్యాయంగా విచారిస్తానని మా పూర్వీకుల మీద ప్రమాణం చేశాను.

అక్టోబర్ 15, మధ్యాహ్నం 2
కొండదారిలో వంతెన వైపు తుపాకులు మోగాయి. ఆగాయి. మళ్లీ ఒక్కటి.

అక్టోబర్ 15, సాయంత్రం
విచారణకు దిగి వస్తున్న పదిమందీ పోయారు. పారిపోబోతే పోలీసులు కాల్చారట. చేతులు వెనక్కి కట్టి ఉన్నాయని వైద్యుడు చెప్పాడు. చెప్పినందుకు భయపడి, తాను చెప్పినట్టు ఎక్కడా రాయవద్దని బతిమాలాడు. ముగికురా రిపోర్టు నా ముందు పెట్టాడు. వాళ్లను నమ్మించి దించింది తమరే కదా, ఇందులో తమరి సంతకం లేకపోతే ఆ ఉచ్చు తమదేనని పత్రికలు రాస్తాయి అన్నాడు. ఎంతో మర్యాదగా కలం అందించాడు.
పెట్టాను. భయపడి పెట్టాను. ఇక్కడ వేరే కారణం రాయబోయి కొట్టేశాను.

అక్టోబర్ 16
చివస్ పనికి రాలేదు.

నవంబర్ 20
కొండలను రక్తపాతం లేకుండా లొంగదీశానని టోక్యో మెచ్చుకుంది. మంత్రివర్గంలో చోటు ఇస్తారట. అన్నయ్య ఉత్తరం రాశాడు, వంశం తలెత్తుకుందని. ముగికురా మూడుసార్లు వంగి అభినందించాడు. ఇక జీవితాంతం నన్ను మరచిపోనన్నాడు.

డిసెంబర్ 3
ఓడ ఎక్కుతుంటే రేవులో చివస్ ఎదురొచ్చింది. తన భాషలో చాలాసేపు మాట్లాడింది. అర్థం చెప్పేవాళ్లు ఎవరూ లేరు.