సత్యం బండికి కొత్త హారన్లు

నూజివీడు,
ఆదివారం.

చిరంజీవి తమ్ముడు గోపాలానికి, మీ పెద్దక్క దీవించి రాస్తున్నది.

నిన్నూ, మరదలు రత్నాన్నీ, పిల్లలనూ ఆ వేంకటేశ్వరుడు చల్లగా చూడాలి. రత్నం మోకాలి నొప్పి ఎలా ఉంది? ఆముదం కాచి పట్టించమను, నిర్లక్ష్యం చేయవద్దను. ఇక్కడ నేనూ, సత్యమూ కులాసా. ఒంటి వరకు కులాసాయే. మనసు సంగతి కింద రాస్తున్నాను.

మేము ఇక్కడికి వచ్చాక ఇది రెండో మామిడి కాపు. ఎండ మన దివిసీమ ఎండలా కాదు. ఎర్రదుమ్ము లేచి అన్నంలో కూడా పంటికి తగులుతుంది. బావినీళ్లకు పప్పు ఉడకదు. ఇటు వచ్చేవాళ్లెవరైనా ఉంటే చింతకాయ పచ్చడి కొంచెం పంపించు. అది లేనిదే నీ మేనల్లుడికి ముద్ద దిగడం లేదు. నేను సర్దుకున్నాను. నా గురించి బెంగ పెట్టుకోకు.

సత్యం బండి నీకు తెలుసు కదా, వెనక తొట్టి తెరిచి ఉండే చిన్న మోటారు బండి. కాపు రోజుల్లో తోటల నుంచి కాయ తోలుతాడు. మిగతా రోజుల్లో మైకు కట్టి సినిమా ప్రచారానికీ, పెళ్లిళ్లకీ తిప్పుతాడు. పాత మైకు సెట్టుకు గొంతు పోయింది. మాట బయటికి పలికే బూర, అదే హారను, ఉన్నది ఒక్కటే, అదీ సొట్టలు. నోరు చించుకుంటే గాని మాట అందుకునేది కాదు. చాట్రాయిలో ఒక పెళ్లిపెద్ద, "ఏమయ్యా, నీ బండి పాట పాడుతుందా, పిల్లి కుండలో తల పెట్టిందా?" అన్నాడట. పందిట్లో అందరూ నవ్వారట. వాడు చిన్నబోయి వచ్చాడు.

బెజవాడ వెళ్లి కొత్తది తెచ్చుకున్నాడు. ఆంప్లిఫయరు, మైకు, రికార్డులు తిప్పే పెట్టె. గోతుల్లో ముల్లు ఎగరకుండా ఆ పెట్టె కింద సైకిలు ట్యూబు ముక్కలు వేసి కట్టాడు. హారను ఒకటి చాలులే అన్నాడు. "రెండు పెట్టించుకో నాయనా, ఊరి ఆ చివరికి కూడా వినబడాలి" అన్నదాన్ని నేనే. ఆ మాట ఇప్పుడు గుర్తొస్తే నాలుక కొరుక్కుంటున్నాను.

మా ఇంటి ఎదురుగా షావుకారు గారి మామిడి పాక. తోటల నుంచి వచ్చిన కాయలో దెబ్బ తిన్నవీ, మచ్చ పడినవీ తీసేసి, మంచివి గడ్డి పరిచిన గంపల్లోకి ఎత్తుతారు ఆడవాళ్లు. ఒక్క దెబ్బకాయ గంపలో పడితే కలకత్తా చేరేసరికి గంపంతా నీరే. ఆ వరసలో సాయమ్మ అని ఒకామె ఉంది. నా ఈడుది. తోడంటూ ఎవరూ లేరు. మేము వచ్చిన కొత్తలో నాతో మొదట మాట కలిపింది ఆమే. "ఏ ఊరండీ మీది? మాటలో కాలవ గట్టు వినబడతంది" అంది. ఊరు విడిచి వచ్చాక నేను నవ్వింది అప్పుడే. అప్పటి నుంచి పని దిగాక మా అరుగు మీద కాసేపు కూర్చుని వెళ్లేది.

ఈ కాపు మొదట్లో ఒకనాడు చెప్పింది. "ఎడం కన్ను ఎప్పుడో పోయిందండీ. కుడిదానికీ పొర కమ్మతంది. షావుకారుకి తెలిస్తే కాయ ముట్టుకోనివ్వడు. మాట మీ దగ్గరే ఉంచండి." ఉంచాను. సత్యానికి కూడా చెప్పలేదు. స్వామికి తప్ప.

బుధవారం పొద్దున కొత్త సెట్టుకు పూజ పెట్టుకున్నాం. గంపలు ఎక్కించడానికని బండి పాక వైపు తిప్పి ఉంది. బండి కప్పు మీది హారన్లకు పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టాం. సత్యం మీట వేశాడు. చప్పుడు లేదు. "పలకదేంటిది?" అనుకుంటూ బ్యాటరీ తీగలు చూడడానికి వెనక్కు వెళ్లాడు. లోపలి బల్బులు వేడెక్కితే గాని పలకదట. ఆ సంగతి కొట్టువాడు వాడికి చెప్పలేదు, వాడు నాకు చెప్పలేదు.

నేను ముందు సీట్లో కూర్చుని మైకుకు కుంకుమ పెట్టి, దాన్ని ఒళ్లో ఉంచుకుని కళ్లు మూసుకున్నాను. మెల్లిగా గొణుక్కుంటూ దణ్ణం పెట్టుకోవడం నాకు అలవాటే కదా. ముందు మీ అందరి కోసం అడిగాను. తరువాత సత్యం కోసం. తరువాత, "స్వామీ, సాయమ్మ కళ్లకు పొర కమ్ముతోంది, ఒక కన్ను అసలు ఆనడమే లేదు, ఈ కాపు దాటేదాకా షావుకారుకు తెలియనివ్వకు తండ్రీ" అన్నాను. ఆ చివరి మాటలు నా నెత్తి మీంచి నాకే వినబడ్డాయి. కళ్లు తెరిచేసరికి పాకలో ఒక్క చెయ్యి కదలడం లేదు. నీ కోసమూ, సత్యం కోసమూ అడిగింది ఎవరికీ చేరలేదు. హారన్లు మేలుకున్నది సాయమ్మ పేరు దగ్గర.

షావుకారు గారు కేకలు వేయలేదు. వేసినా బాగుండేది. ఒక బంగినపల్లి కాయ తీసి చేయి చాచి పట్టుకుని, "సాయమ్మా, దీని మీద మచ్చ ఎక్కడుందో చెప్పు" అన్నాడు. ఆమె కాసేపు చూసి, "తొడిమ కాడండీ" అంది. ఆ కాయ మీద మచ్చే లేదు.

"మరి ఇన్నాళ్లూ నీ గంపలు ఎలా వెళ్లాయే?" అన్నాడు. పక్కన కూర్చునే నాగమ్మ లేచింది. "మేం చూత్తన్నామండీ. పోయిన కాపు నుంచీ ఆవిడ గంప మేమే తిరగేత్తన్నాం. మీకేం నట్టం వచ్చింది?" దాంతో వరసంతటికీ చీవాట్లు పడ్డాయి. అంటే గోపాలం, అందరికీ తెలుసు. పెదవి దాటనిచ్చిన వాళ్లు లేరు, నేను తప్ప. సాయమ్మను ఇక పనికి రావద్దని ఇంటికి పొమ్మన్నారు.

సాయంత్రం ఆమె గుడిసెకు వెళ్లాను. కూర్చోమనలేదు. "దేవుడికి చెవుడా అండీ, మైకులో చెప్పారు?" అంది. తప్పు నాదే అన్నాను. "మీదే" అంది. తిరిగి వచ్చేశాను.

తప్పు నోరు జారడం ఒక్కటే కాదు, తమ్ముడూ. ఆమెకు చూపు ఇమ్మని అడగవలసిన దాన్ని, సంగతి దాచిపెట్టమని అడిగాను. అది తలుచుకుంటే పూజ దగ్గర చేతులు కలవడం లేదు.

తెల్లవారి షావుకారు గారి దగ్గరికి వెళ్లాను. "ఆమె ఏరిన ప్రతి కాయా నేను చూసి గంపలో పెడతాను. నాకు కూలి వద్దు" అన్నాను.

"మీరా? గడ్డిలో కూర్చుంటారా? మీ అబ్బాయి ఏమనుకుంటాడండీ?"

"వాడికి నేను చెప్పుకుంటాను."

"ఒక్క దెబ్బకాయ వెళ్లిందా, ఇద్దరినీ పనిలోంచి లేపేస్తాను, ఏమనుకోకండి."

"వెళ్లదండీ."

సత్యం మొహం ఎర్రబడింది. "నలుగురిలో తలెత్తుకోనా వద్దా అమ్మా?" అన్నాడు. "నోరు చేసిన పనికి చేతులు కూలికెళ్తున్నాయిరా" అన్నాను. మీ అక్క మామిడి పాకలో కాయలు ఏరుతోందని ఎవరి ద్వారానైనా నీకు తెలియవచ్చు. నిజమే. నొచ్చుకోకు.

సాయమ్మ వచ్చింది. గతి లేక వచ్చింది, నా మీద మనసు కరిగి కాదు. కాయ నా చేతికిచ్చి "మచ్చ?" అంటుంది. "లేదు" అంటాను. పొద్దంతా మాకు అవే మాటలు. నాగమ్మ వాళ్లు నన్ను చూస్తే మాట మార్చేస్తారు. ఇటు చూస్తే కొత్త సెట్టు గంటలా మోగుతోందని పెళ్లివాళ్లు సత్యం కోసం వెతుక్కుంటూ వస్తున్నారు. సంతోషించవలసినదే. ఆ హారన్లు మోగినప్పుడల్లా పైట కొంగుతో చెవులు మూసుకుంటున్నాను.

నీతో ఒక పని ఉంది. మన పిన్నిగారికి పొర తీసిన బందరు కళ్ల డాక్టరు ఇప్పుడూ చూస్తున్నాడా? కనుక్కో. కాపు అవ్వగానే సాయమ్మను వెంటబెట్టుకుని వస్తాను. కట్టు విప్పేదాకా మీ ఇంట్లోనే ఉంటాం. రత్నంతో ముందే చెప్పు, సాయమ్మ పడుకునేది వాకిట్లో కాదు, నా పక్కన. తినేదీ నాతోనే. రత్నానికి కష్టమైతే దాచకుండా రాయి, సత్రంలో దిగుతాం.

సాయమ్మకు ఈ మాట నిన్న చెప్పాను. గంప నిండేదాకా కాయలు అందిస్తూనే ఉంది. తరువాత, "బస్సులో కిటికీ పక్కన నేను కూకుంటా" అంది.

అలాగే అన్నాను.

"పోయేటప్పుడు ఏం కనబడేదీ మీరు చెప్పండి. వచ్చేటప్పుడు నేను చూసుకుంటా. మీరు నోరు మూసుకు కూకోవచ్చు."

వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. క్షమించిందని నేను అనుకోను. వస్తానంది, అది చాలు.

పిన్నిగారికి, బాబాయిగారికి నా నమస్కారాలు చెప్పు. పిల్లలకు దీవెనలు. డాక్టరు ఏ వారాల్లో చూస్తాడో ఈ ఉత్తరం అందిన వెంటనే రాయి. ఇక రోజూ పొద్దున పాకలోకి వెళ్లగానే సాయమ్మ అడగబోయే మొదటి మాట అదే, నీ జాబు వచ్చిందా అని.

మీ మేలు కోరే
పెద్దక్క
సీతారావమ్మ