రిపేరుకి వెళ్లిన కుట్టుమిషను

చంటీ, నేను ఎస్. రాయవరం పిన్ని దగ్గరికి వెళ్తున్నాను. అన్నం కుక్కర్లో ఉంది, చారు వేడి చేసుకో. బియ్యం డబ్బా మూత గట్టిగా పెట్టు. తేమ తగలకుండా నువ్వందులో దాచిన కొత్త కెమెరా లెన్సు చూశాను.

నువ్వు రిపేరుకిచ్చానని చెప్పిన నా కుట్టుమిషను పక్కవీధి లోవలక్ష్మి ఇంట్లో ఉంది. "మీవోడు సవగ్గా ఇచ్చేడమ్మా, మీరు కుట్టడం మానేసేరంట కదా" అంది. దొంగని కన్నానని చెప్పలేక అవునన్నాను. నువ్వడిగితే నేనే అమ్మి డబ్బులిచ్చేదాన్ని. అది నీకూ తెలుసు, అయినా అడగలేదు.

తా.క. కాలేజీ పోటీలో నీకు బహుమతి తెచ్చిన ఫొటోలో ఆ మిషను ముందు కూర్చున్నది నేనే. వచ్చే పోటీకి కొత్త లెన్సుతో లోవలక్ష్మిని తియ్యి. కింద మళ్లీ 'మా అమ్మ' అనే పేరు పెట్టుకో.