అతిథి గదిలో పరుపులు

మా అమ్మకు,

నీ చేతులు కళ్లకద్దుకుని ఖుష్దిల్ రాస్తున్న ఉత్తరం. ఒంటికైతే ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. సరిహద్దు దాటి పెషావర్‌లో తలదాచుకున్న నువ్వూ, పక్కగదిలో జర్కా పిన్నీ, ఈ ఉత్తరం నీకు చదివి వినిపిస్తున్న ఆమె కూతురు పల్వషా చల్లగా ఉండాలని రోజూ నమాజులో అడుగుతున్నాను.

పెరట్లో మల్బరీ చెట్టు బతికుందా అని అడిగావు. బాంబులకు సగం కాలినా ఈ ఏడు కాసింది. నీ మనవడు రాలినవన్నీ తిని, చొక్కా నిండా మరకలు చేసుకుని, వాళ్లమ్మ చేత తన్నులు తిన్నాడు.

"అధికారివయ్యావుగా, పొట్ట వచ్చిందా?" అని వెక్కిరించావు. పొట్టెక్కడిదమ్మా! పరదేశి సైన్యం వచ్చి పాత ప్రభుత్వాన్ని కొన్ని వారాల్లోనే కూల్చేసింది. ఆ తర్వాతి పనంతా నాలాంటి బడిపంతుళ్ల నెత్తిన పడింది. కొత్త ప్రభుత్వం నన్ను ఈ లోయకు అధికారిని చేసింది. తుపాకులు పట్టుకుని కొండలెక్కిన పాత ప్రభుత్వం మనుషులను దింపి ఇళ్లకు చేర్చడమే నా మొదటి పని. వాళ్లు దిగితేనే రోడ్డు పడుతుంది, బడి నడుస్తుంది. పెద్దల సభలో తలపాగా మీద చెయ్యేసి, "తుపాకీ దించి నా గుమ్మంలోకొచ్చినవాడి మీద ఈగ వాలనివ్వను" అన్నాను.

"పంతులూ, మాట నీది, హెలికాప్టర్లు ఆ పరదేశీలవి. చూసుకో మరి" అన్నాడు ముసలి హాజీ మర్జాన్. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ప్రతి ఉత్తరంలోనూ పిన్ని ఒకటే అడిగిస్తోంది, కొడుకు బర్యాలయ్ కొండ దిగాడా అని. కబురేమీ లేదని మూడుసార్లు రాశాను. అది అబద్ధం.

వచ్చాడమ్మా. అందరికంటే ముందు వచ్చాడు. నా మాట నిజమో కాదో చూసి రమ్మని మిగతావాళ్లు అతన్ని పంపారు. పట్టపగలు వచ్చి, దుప్పట్లో చుట్టిన తుపాకీని గడప పక్కన పెట్టి, నీ కోడలు తోర్పికై ముసుగు కొంగు పట్టుకుని, "వదినా, నీ నీడకొచ్చాను" అన్నాడు. ఆ మాట అన్నాక శత్రువైనా మన ఇంటివాడేనని నాకు చిన్నప్పుడు నేర్పింది నువ్వే.

"ఆ గడ్డం చూసుకున్నావా అసలు? నీడ సంగతి తర్వాత, ముందు కాళ్లు కడుక్కోవయ్యా" అని ఆమె నవ్వుతూ రొట్టె, మాంసం పులుసు పెట్టింది. అతిథి గదిలో పరుపులు పరిచింది, రాబోయేవాళ్లకు కూడా సరిపడా.

సాయంత్రం పరదేశి కెప్టెన్ వచ్చాడు. "నీ ఇంట్లో ఒకణ్ణి దాచావట. నువ్వు మా వైపా, వాళ్ల వైపా?" అని అడిగాడు. అతను నా అతిథి అని చెప్పాల్సింది. గడపకు అడ్డంగా నిలబడాల్సింది. నేను నా కుర్చీ గురించి ఆలోచించానమ్మా. నాలుగు ప్రశ్నలడిగి వదిలేస్తారులే అని నాకు నేనే చెప్పుకున్నాను. చెయ్యి చాపి అతిథి గది చూపించాను.

చేతులు కట్టి తీసుకెళ్తుంటే బర్యాలయ్ నన్ను తిట్టలేదు. "అన్నా, పరుపులు తీయించకు. మావాళ్లింకా రావాలిగా" అన్నాడు. హెలికాప్టర్ ఎక్కించారు. ఎక్కడున్నాడని ఎంత అడిగినా ఇప్పటికీ ఎవరూ చెప్పరు.

కొండ మీంచి మరొక్కడు దిగలేదు. దారిలో మందుపాతరలు మొదలయ్యాయి. రోడ్డు పని ఆగింది, బడికి తాళం పడింది. "ఎవరూ ఎందుకు లొంగిపోవడం లేదు?" అని కెప్టెన్ నన్నే అడుగుతాడు.

ఆశ్రయమిచ్చి అప్పగించినవాడి ఇల్లు తగలబెట్టాలి, అది మన తీర్పు. నా ఇంటి జోలికి ఎవరూ రాలేదు. "పరదేశి సైనికులు కాపలా ఉన్నారుగా పంతులూ, హాయిగా పడుకో" అన్నాడు హాజీ మర్జాన్. ఇల్లు కాలినా ఇంత సిగ్గుండేది కాదు. తోర్పికై నాతో మాట్లాడటం మానేసింది. రోజూ ఆ గది ఊడ్చి పరుపులు పరుస్తుంది, ఎవరూ రాకపోతే సాయంత్రం మడిచేస్తుంది.

పల్వషా, చెల్లెమ్మా, ఇది చదువుతున్నది నువ్వేనని నాకు తెలుసు. మీ అన్న సంగతి నీ నోటితోనే చెప్పిస్తున్నాను. వేరేవాళ్ల చేత చదివించమంటే అది ఇంకో పిరికితనమయ్యేది. ఆపకు. అమ్మకూ పిన్నికీ మొత్తం వినిపించు.

ఈ శుక్రవారం నమాజు అవగానే బయల్దేరుతున్నాను. తప్పు ఒప్పుకోలుగా గొర్రెను తోలుకుని, తలపాగా మెడలో వేసుకుని మీ గుమ్మం ముందు నిలబడతాను. అలా వచ్చి శరణన్నవాణ్ణి తిప్పి పంపకూడదన్నది మన కట్టుబాటు. దాన్ని ముందు తెంచింది నేనే. కాబట్టి మీరు తలుపు తీయనక్కర్లేదు.

ఇట్లు,
నువ్వు నేర్పింది నిలుపుకోలేకపోయిన నీ కొడుకు,
ఖుష్దిల్