ఒత్తిగిలింత

జులై 14, ఆదివారం

మంచాన పడ్డవాళ్లని ఇళ్లకెళ్లి చూసుకునే పాలియేటివ్‌ యూనిట్‌లో వాలంటీర్‌గా చేరాను. ఎందుకని ఎవరైనా అడిగితే సేవ అంటాను. డైరీకి అబద్ధం చెప్పి ఏం బావుకుంటాను? కాలేజీలో కలిపే గ్రేస్ మార్కుల కోసం.

మా యూనిట్ సెక్రటరీ అలవి ఇక్క, మా అందరికీ అన్నలాంటివాడు. వారమంతా ఆటో నడుపుతాడు, ఆదివారం మమ్మల్ని నడుపుతాడు. కాలేజీ పిల్లలు జూన్‌లో వానలా వస్తారు, మార్చికల్లా ఎండిపోతారు అన్నాడు, నావైపే చూస్తూ. ఒళ్లు మండింది. నిజం కాబట్టి మండింది.

జులై 21, ఆదివారం

నన్ను జంషీర్ ఇక్క ఇంటికి వేశారు. ఇరవై ఏడేళ్లు. వక్కలు కోసేవాడు, ఒక పోకచెట్టు మీంచి ఇంకోదాని మీదికి ఊగుతూ పడిపోయాడు. నడుము కింద ఏమీ తెలియదు. అతని ఉమ్మ, కన్నతల్లి నబీసుమ్మ ఒక్కతే అన్నీ చేస్తుంది. ఆవిడ ఎటు తిప్పినా అతని మొహం మాత్రం గోడకే.

యూనిట్ నర్సు షైజ సిస్టర్ నాకు పని నేర్పింది. ఇతనికి నొప్పి తెలియదు కాబట్టి అతని బదులు మనం గుర్తుపెట్టుకోవాలి అంది. పడుకుంటే ఇటూ అటూ ఒత్తిగిలేలా తిప్పాలి, వీపు చూడాలి. కూర్చోబెడితే మాటిమాటికీ చంకల్లో చేతులేసి పైకి లేపి దించాలి. మరిచిపోయారా, చర్మం లోపల్లోపలే కుళ్లిపోతుంది.

అతను నాతో ఒక్క మాట మాట్లాడలేదు.

ఆగస్టు 18

ఈరోజు నోరు విప్పాడు. నువ్వు ఎన్నో బ్యాచ్ అన్నాడు. ఏం బ్యాచ్ అన్నాను. నీకు ముందు ఇద్దరొచ్చారు, ఒకడు నన్ను చూడగానే ఏడ్చేవాడు, వాణ్ణి ఊరుకోబెట్టలేక చచ్చాను, నువ్వూ ఆ రకమేనా అన్నాడు. కాదు, నేను తిట్టే రకం అన్నాను. నవ్వాడు. నబీసుమ్మ వంటింట్లోంచి ఏమైందిరా అంటూ పరుగెత్తుకొచ్చింది. ఆ ఇంట్లో నవ్వు వినబడి ఎన్నాళ్లయిందో.

అక్టోబర్ 6

గొడుగులు కుడుతున్నాడు. మంచం పట్టినవాళ్లకి సిస్టర్ నేర్పించే పని. నాకంటే వేళ్లు చురుకు. నేను కుట్టింది విప్పి, ఇది గొడుగా, జల్లెడా అన్నాడు.

చెట్టెక్కితే దూరంగా పొన్నాని సముద్రం గీతలా కనబడేదట. దగ్గరికి ఎప్పుడూ పోలేదట. ఎక్కడికి పోతుందిలే, అక్కడే ఉంటుందిగా అనుకున్నానురా సినాన్ అన్నాడు. డిసెంబర్‌లో యూనిట్ తరఫున అందరినీ బీచ్‌కి తీసుకెళ్తారు, వస్తావా అన్నాను. చాలాసేపు దారం చుట్టాడు. చక్రాల కుర్చీలో కూర్చోవడం నేర్పమని సిస్టర్‌కి చెప్పు అన్నాడు.

ఇంటికొచ్చి రెండు పళ్లేల అన్నం తిన్నాను. నా పరీక్షలు పాసైనప్పుడు కూడా ఇంత సంతోషపడలేదు.

డిసెంబర్ 22, ఆదివారం, సాయంత్రం

వెళ్లొచ్చాం. కుర్చీని నీళ్లలోకి తోశాను. అలలు అతని పాదాల మీదికి వచ్చాయి. వంగి చూస్తూ కూర్చున్నాడు. చల్లగా ఉందా అని నన్నడిగాడు. చల్లగా ఉంది అని చెప్పాను.

తర్వాత సభ. ముఖ్య అతిథి పొద్దున రావలసినవాడు మధ్యాహ్నం దాటాక వచ్చాడు. వచ్చినవాడు మైకు వదిలితేగా. జంషీర్ ఇక్కతో చెట్లెక్కిన దోస్తులంతా వచ్చి చుట్టూ చేరారు. లేపి దించుదామని వెళ్లాను. కళ్లతోనే వద్దన్నాడు. మళ్లీ వెళ్లాను. వాళ్ల ముందు నన్ను చంటిపిల్లాణ్ణి చెయ్యకురా, ఈ ఒక్కరోజు మనిషిలా కూర్చోనీ అని గొణిగాడు.

ఊరుకున్నాను. సిస్టర్ దూరం నుంచి సైగ చేసి అడిగితే లేపానని తలూపాను.

డిసెంబర్ 25

నబీసుమ్మ ఫోన్ చేసింది. పిరుదు దగ్గర అరచేయంత మేర నల్లబడిందట.

డిసెంబర్ 26

సిస్టర్‌కి నిజం చెప్పేశాను. నాకు తెలుసు అంది. తిట్టండి అన్నాను. తిడితే నీకు హాయిగా ఉంటుంది, నాకు తీరిక లేదు, ఆ గాజుగుడ్డ పట్టుకో అంది.

జనవరి 12

ఎముక కనబడుతోంది.

జనవరి 26

ఇక చేసేదేం లేదంటే ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చేశారు. బోర్లా పడుకోబెట్టారు. జ్వరం దిగడం లేదు. వాసన ఇంటి బయటికి కూడా వస్తోంది. ఈ మాట రాసినందుకు సిగ్గుగా ఉంది, కానీ వస్తోంది.

నబీసుమ్మ బావి దగ్గరికి వెళ్లినప్పుడు నన్ను దగ్గరికి పిలిచాడు. లేపొద్దన్నది నేనేనని ఉమ్మకి చెప్పకు అన్నాడు. ఆవిడ నన్ను తిట్టుకుంటూ బతకలేదురా, నిన్నయితే బాగా తిట్టుకోగలదు అన్నాడు. నవ్వబోయాడు, దగ్గొచ్చింది.

సరే అన్నాను.

ఫిబ్రవరి 2

నబీసుమ్మ నా మొహం చూడదు. చాయ్ గ్లాసు నేల మీద పెట్టి వెళ్లిపోతుంది. నిన్ను నమ్మి పంపాను కదా అని ఒక్కసారి అంది. అంతే. అది రోజంతా చెవిలో మోగుతూనే ఉంది.

నన్ను వేరే ఇంటికి మార్చమని అలవి ఇక్క కాళ్లావేళ్లా పడ్డాను. మార్చను పో అన్నాడు. చెడగొట్టిన ఇంటికే మళ్లీ వెళ్లాలి, లేకపోతే మనం చేసేది పిక్నిక్కురా అన్నాడు.

ఫిబ్రవరి 9

వెళ్లాను. తిప్పాను. కడిగాను. ఎందుకు చేస్తున్నామో ఎవరికీ తెలియదు.

ఫిబ్రవరి 16

నన్ను గుర్తుపట్టలేదు. నువ్వు ఎన్నో బ్యాచ్ అని అడిగాడు.

ఫిబ్రవరి 20, గురువారం

జంషీర్ ఇక్క పోయాడు.

శవాన్ని ఉంచిన జనాజా మోశాను. ఖబరు గోతిలోకి దించి, మా ఆచారం ప్రకారం కుడివైపుకి ఒత్తిగిలేలా పడుకోబెట్టారు, మొహం ఖిబ్లా వైపు, మక్కా ఉన్న దిక్కుకి. వెనక మట్టి ముద్దలు ఆనించారు. ఇంక ఇతన్ని ఎవరు తిప్పుతారు, అదొక్కటే బుర్రలో. నోటితో అనేశాను కూడా. పక్కనున్నవాళ్లు తిరిగి చూశారు. అలవి ఇక్క నా రెక్క పట్టుకుని వెనక్కి లాక్కెళ్లాడు. నేను ఏడ్చే రకాన్నే.

ఫిబ్రవరి 23, ఆదివారం

జంషీర్ ఇక్కకి యూనిట్ ఇచ్చిన ఎయిర్‌బెడ్, ఆ గాలి పరుపు, ఇంకో ఇంటికి కావాలట, తెమ్మన్నారు. గొట్టం పీకాను. గాలి పూర్తిగా పోవాలంటే మీద పడుకోవాలి. పడుకున్నాను. లేవబుద్ధి కాలేదు. నబీసుమ్మ వచ్చింది. తిడుతుందనుకుని కళ్లు మూసుకున్నాను. భుజం కింద ఒక చేయి, నడుము కింద ఒక చేయి వేసి నన్ను గోడవైపు తిప్పింది. చొక్కా పైకి లాగి వీపంతా తడిమి చూసింది. ఏమీ లేదు, బాగానే ఉంది, పడుకో అంది.